పసిపిల్లల మెదడులో కంతి – కొత్త మందుకు పరీక్ష

(బి.యస్సీ. మూడవ సంవత్సరం, జీవశాస్త్ర విభాగం. స్వగ్రామం: యాలాల్, తాండూరు)

క్యాన్సరు అనగానే మనకు బీడీ, గుట్కా, ముసలితనం గుర్తుకు వస్తాయి. పాలబుగ్గల పిల్లలకు కూడా ఈ జబ్బు వస్తుందంటే మా ఊళ్ళో ఇప్పటికీ చాలామంది నమ్మరు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం ల్యుకేమియా అనబడే రక్త క్యాన్సరుది. రెండవ స్థానం మెదడులో పుట్టే కంతులది. మొదటిదానిలో వైద్యశాస్త్రం సాధించిన విజయం సామాన్యమైనది కాదు. 1940లలో ల్యుకేమియా వచ్చిన పిల్లవాడు కొద్ది నెలలలో చనిపోయేవాడు. మంచి వైద్యం అందే దేశాలలో నేడు నూటికి ఎనభై, తొంభై మంది బతికి బట్టకడుతున్నారు. రెండవదానిలో అటువంటి విజయం కొన్ని రకాల కంతులకే పరిమితమైంది. మరికొన్నింటి ముందు డాక్టర్లు అరవై ఏళ్ళుగా చేతులు కట్టుకొని నిలబడవలసి వస్తున్నది. ఎందుకీ తేడా? కొత్త మందును పసివాళ్ళకు ఇచ్చి చూడడం ఎట్లా జరుగుతుంది? అసలట్లా చూడడం న్యాయమేనా? ఈ ప్రశ్నలు మన సిలబస్‌లో లేవు. లైబ్రరీలో తిరగేసిన పుస్తకాల నుంచి నాకు తెలిసినంత మేరకు మిత్రులతో పంచుకుంటాను.

కథ మన తెలుగువాడితోనే మొదలు పెట్టాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు వినని సైన్సు విద్యార్థి ఉండకూడదు. కాని మన క్లాసులో అడిగితే సగం మందికి తెలియదు, అది వేరే సంగతి. మద్రాసులో వైద్యం చదివి 1922లో అమెరికా వెళ్ళిన ఆయన 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. కణం రెండుగా చీలాలంటే కొత్త డి.ఎన్.ఏ. కావాలి, దాని తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పనిచేసే సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఫోలిక్ ఆమ్లపు జాతి మందులను ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా ఇంకా వేగంగా పెరిగినట్లు కనబడింది! మరొకరైతే అక్కడితో ఆపేసేవారు. ఫార్బర్ దానిని తిరగేసి ఆలోచించాడు: ఇస్తే పెరిగే జబ్బు, అందకుండా అడ్డుకుంటే తగ్గాలి గదా? ఫోలిక్ ఆమ్లం లాగా కనబడి కణాన్ని మోసం చేసే దొంగ అణువు, అమినోప్టెరిన్, సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచే అతనికి చేరింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రచురించిన వ్యాసంలో ఉన్నది 16 మంది పిల్లల లెక్క. అందులో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కు తగ్గింది. తాత్కాలికంగా మాత్రమే, కాని అంతకుముందు అదీ లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడి వంటి మెథోట్రెక్సేట్ ఈనాటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

మరొక మందు మన ఇంటి ముందే ఉన్నది. బిళ్ళగన్నేరు. మా యాలాల్‌లో నీళ్ళు పోసినా పోయకపోయినా గోడ పక్కన పూస్తుంది, మేకలు కూడా ముట్టవు. ఆ చేదు ఆకులలో నుంచే విన్‌క్రిస్టిన్ తీశారు. 1963లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును ల్యుకేమియాలోనూ, మెడుల్లోబ్లాస్టోమా అనే చిన్నమెదడు కంతిలోనూ ఇప్పటికీ వాడుతున్నారు. బస్తాలకొద్దీ ఎండుటాకు నుంచి చిటికెడు మందు వస్తుంది. ఆకు నమిలితే క్యాన్సరు పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, అది విషం. విన్‌క్రిస్టిన్‌ను నరంలోకి ఎక్కిస్తే మందు. పొరపాటున వెన్నుపాము నీటిలోకి ఎక్కిస్తే ప్రాణాంతకం.

ఇంత గొప్ప మందులు ఉండగా మెదడు కంతులు ఎందుకు లొంగవు? రక్తంలోకి ఎక్కించిన మందు మెదడులోకి పోదు గనుక. పందొమ్మిదవ శతాబ్దం చివరలో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు జంతువుల రక్తంలోకి రంగునీళ్ళు ఎక్కించి చూస్తే అన్ని అవయవాలూ రంగు పట్టినాయి, మెదడు మాత్రం పట్టలేదు. శరీరంలో ఇతర చోట్ల సన్నని రక్తనాళాల గోడలు గంప అల్లినట్లు సందులతో ఉంటాయి. మెదడులో అట్లా కాదు. మా తాండూరు బండలు పరిచి సందుల్లో సిమెంటు నింపిన నేలను ఊహించుకోండి, చుక్క నీరు ఇంకదు. ఆపైన, ఎట్లాగో లోపలికి దూరిన అణువును పట్టుకొని మళ్ళీ రక్తంలోకి తోసేసే పంపుల వంటి ప్రొటీన్లు కూడా ఆ గోడలలో ఉన్నాయి. విషాల నుంచి మెదడును కాపాడడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. మందుకూ విషానికీ తేడా దానికి తెలియదు. ల్యుకేమియా కణాలు కూడా ఈ గోడ చాటున దాక్కొని కొన్నేళ్ళకు తిరగబడేవి. అందుకే మెథోట్రెక్సేట్‌ను నేరుగా వెన్నుపాము నీటిలోకి ఇవ్వడం మొదలుపెట్టారు. పాకిస్తాన్‌లో పుట్టిన అయూబ్ ఒమాయా అనే మెదడు సర్జన్ 1963లో నెత్తిచర్మం కింద అమర్చే చిన్న బుడ్డి వంటి సాధనాన్ని కనిపెట్టాడు. అందులోకి సూదిమందు ఇస్తే మెదడులోని నీటి గదులకు చేరుతుంది.

దీని ప్రయోజనం ఎంతటిదో చెప్పాలంటే మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. ఏడేండ్ల పాప. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి. వాంతి అయినాక తేలిక. పైత్యమన్నారు, దిష్టి అన్నారు, తాయెత్తు కట్టినారు. ఒక డాక్టరు పురుగుల మందు రాసిచ్చాడు. నడక తూలడం మొదలైనాకనే హైదరాబాదు తీసుకుపోయినారు. చిన్నమెదడులో కంతి. ఆపరేషన్ చేసి, మావాళ్ళ మాటలో చెప్పాలంటే 'కరెంటు పెట్టి', అంటే రేడియేషన్ ఇచ్చి, బతికించినారు. ఇప్పుడు బడికి పోతున్నది. పాటలన్నీ నోటికి వచ్చు, లెక్కలు మాత్రం ముందుకు సాగవు. తోటి పిల్లల కంటే పొట్టి. ఎదిగే మెదడు మీద రేడియేషన్ పడితే తెలివీ ఎదుగుదలా దెబ్బతింటాయి, వయస్సు ఎంత చిన్నదైతే నష్టం అంత పెద్దది. మూడేళ్ళ లోపు పిల్లలకైతే మరీ ఘోరం. జర్మనీ డాక్టర్లు 2005లో ఒక ఫలితం ప్రచురించారు. మెడుల్లోబ్లాస్టోమా వచ్చిన 43 మంది పసివాళ్ళకు ఆపరేషన్ తర్వాత రేడియేషన్ లేకుండా మందులు మాత్రమే ఇచ్చారు. అందులో మెథోట్రెక్సేట్‌ను పైన చెప్పిన పద్ధతిలో మెదడు నీటిలోకే పంపారు. కంతి పూర్తిగా తీయగలిగి, జబ్బు పాకని పిల్లలలో ఎక్కువమంది రేడియేషన్ లేకుండానే బతికారు. మెదడుకు కొంత చెరుపు జరిగినా, రేడియేషన్ పొందిన పిల్లల కంటే వాళ్ళ తెలివి మెరుగ్గా నిలిచింది. భీమవరం బాలుని పరిశోధన నుంచి వచ్చిన మందు అరవై ఏళ్ళ తర్వాత అట్లా మరో దారిన పనికి వచ్చింది.

సరే, మందు పనిచేస్తుందని ఎట్లా తెలుస్తుంది? ఇక్కడ మాబోటి రైతుబిడ్డలు కాలరెగరేయవచ్చు. నేడు వైద్యంలో వాడే పరీక్షా విధానం పొలంలోనే పుట్టింది.

మా చేనుకు పడమటి వైపు రేగడి మన్ను మందంగా ఉంటుంది, తూర్పున జానెడు తవ్వితే బండ తగులుతుంది. పడమట ఏ విత్తనం వేసినా కంది ఏపుగా వస్తుంది. ఒక ఏడు కాయతొలుచు పురుగుకు కొత్త మందు తెచ్చిన ఏజెంటు పడమటి సాళ్ళకే కొట్టి, తూర్పు సాళ్ళతో పోల్చి చూపించాడు. మా నాయన నవ్వి, "మన్నే మంచిగున్న కాడ మందు కొట్టి సూపిస్తె ఎట్ల బాబూ? మా అవ్వ నీళ్ళు సల్లినా గట్లనే కాస్తది" అన్నాడు. ఏజెంటు మళ్ళీ రాలేదు. మా నాయన నాలుగవ తరగతితో చదువు ఆపినవాడు. ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1919 నుంచి పనిచేసిన రోనాల్డ్ ఫిషర్‌ను తొలిచింది ఇదే సమస్య. పొలాన్ని మడులుగా విడగొట్టి, ఏ మడికి ఏ ఎరువు అనేది మన ఇష్టానికి వదలకుండా చీటీ తీసి నిర్ణయించమన్నాడు. అప్పుడు మంచి మన్నూ చెడ్డ మన్నూ రెండు వైపులా సమానంగా పడతాయి. ఈ చీటీ పద్ధతిని బ్రాడ్‌ఫోర్డ్ హిల్ మనుషుల వైద్యంలోకి తెచ్చాడు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని 107 మంది రోగులతో జరిపిన పరీక్ష ఫలితం 1948లో, అంటే ఫార్బర్ వ్యాసం వచ్చిన ఏడాదే, వెలువడింది. కేంబ్రిడ్జిలో అదే ఫిషర్ దగ్గర పరిశోధన చేసి డాక్టరేటు పొందిన మన తెలుగు గణాంక శాస్త్రవేత్త సి. ఆర్. రావు గారు 2023 వరకు, నూటరెండేళ్ళు జీవించారు.

చీటీ పద్ధతి దాకా రావడానికి ముందు రెండు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో మందు తగ్గిస్తుందా అన్నది ప్రధానం కాదు, ఎంత మోతాదు తట్టుకోగలరు అన్నదే ప్రశ్న. సాధారణంగా పెద్దవాళ్ళ మోతాదులో నూటికి ఎనభై వంతులతో మొదలుపెట్టి ముగ్గురు పిల్లలకు ఇస్తారు. ఎవరికీ ప్రమాదం రాకపోతే తరువాతి ముగ్గురికి కొంచెం ఎక్కువ. ఒకరికి వస్తే అదే మోతాదులో మరో ముగ్గురిని చేర్చి చూస్తారు. ఇద్దరికి వస్తే మోతాదు పెంచడం ఆపి ఒక మెట్టు దిగుతారు. ఇందులో చేరే పిల్లలకు మామూలు వైద్యం అన్నీ అయిపోయి ఉంటాయి. రెండవ మెట్టులో కంతి తగ్గుతున్నదా అని చూస్తారు. మూడవ మెట్టులోనే ఉన్న వైద్యంతో పోలిక.

పెద్దలలో పరీక్షించిన మందును పిల్లలకు ఇచ్చేస్తే సరిపోదా అని మిత్రులు అడగవచ్చు. సరిపోదు. పిల్లవాడు చిన్నసైజు పెద్దమనిషి కాడు. దీనికి నేను చదివిన వాటిలో అన్నింటికంటే విచిత్రమైన ఉదాహరణ గొర్రెల మందలో మొదలవుతుంది.

1950లలో అమెరికాలో ఇడాహో రాష్ట్రపు కొండల్లో గొర్రెలు కాచేవాళ్ళకు ఒక పీడ పట్టుకొంది. ముఖం మధ్యన ఒకే కన్నుతో పిల్లలు పుట్టసాగాయి. అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి మందల వెంట తిరిగి కారణం పట్టుకున్నారు. కొండలపై పెరిగే అడవి లిల్లీ వంటి ఒక మొక్కను తల్లి గొర్రె కట్టు నిలిచిన పద్నాలుగవ రోజున తింటే పిల్ల ఒంటికన్నుతో పుడుతుంది. అందులోని విషానికి, గ్రీకు పురాణంలోని ఒంటికంటి రాక్షసుని పేరు మీద, సైక్లోపమీన్ అని పేరు పెట్టారు. అది ఎట్లా పనిచేస్తుందో చాలాకాలం తెలియలేదు. ఇటు 1980లో పండ్ల ఈగలపై పరిశోధన చేస్తున్న న్యూస్లీన్-ఫోల్‌హార్డ్, వీషౌస్ ఒక జన్యువును కనుగొన్నారు. అది చెడితే ఈగ పిల్లపురుగు ఒంటినిండా ముళ్ళతో వస్తుంది, అందుకని దానికి హెడ్జ్‌హాగ్ అని ముళ్ళజంతువు పేరు. (వాళ్ళకు 1995లో నోబెల్ బహుమతి వచ్చింది.) గర్భంలో శరీరాన్ని తీర్చిదిద్దే సంకేతాలను పంపేది ఈ జన్యువే. సైక్లోపమీన్ ఆపేది సరిగ్గా ఆ సంకేతాలనే! ఇక మెడుల్లోబ్లాస్టోమా కంతులలో మూడింట ఒక వంతు దాకా ఇదే సంకేతం ఆగకుండా మోగుతూ ఉండటం వలన పెరుగుతాయి.

దారి దొరికింది. సైక్లోపమీన్ మాదిరిగానే ఆ సంకేతాన్ని ఆపే విస్మోడెగిబ్ అనే మందు వచ్చింది. ఒళ్ళంతా మెడుల్లోబ్లాస్టోమా పాకిన 26 ఏళ్ళ యువకునికి దీనిని ఇస్తే కంతులు మంచులా కరిగినాయని 2009లో ప్రచురించారు. మూడు నెలలకు అవి రూపు మార్చుకొని తిరిగి వచ్చాయి. అయినా ఆశ ఆశే. పెద్దల చర్మ క్యాన్సరుకు 2012లో అనుమతి వచ్చింది. మరి పిల్లలకు? 2008లోనే లేత ఎలుకపిల్లలకు ఇటువంటి మందును కొద్ది రోజులు ఇచ్చి చూసిన శాస్త్రజ్ఞులు హెచ్చరించారు: ఎముకల చివర ఎదిగే పలకలు శాశ్వతంగా పాడైపోయాయి. పిల్లల ఎముకలు పొడుగు సాగాలన్నా అదే సంకేతం కావాలి మరి. మందు తీసుకున్న కొందరు పిల్లలలోనూ ఎముకల పలకలు వయస్సు రాకముందే మూసుకుపోయాయని 2017లో నివేదించారు. మందు ఆపినాక కూడా ఆ నష్టం పూడలేదు. కనుక ఎముకల ఎదుగుదల పూర్తయిన వారికే ఇవ్వాలని డాక్టర్లు గిరి గీసుకున్నారు. ఎముకలు ఎదిగిపోయిన పెద్దవాళ్ళలో వెయ్యి మందిని పరీక్షించినా ఈ సంగతి బయటపడేది కాదు. "పిల్లల మీద పరీక్షలేంది, ఎలుకల మీద చేసుకోక!" అని మా మామ ఒకరు కోప్పడ్డాడు. ఎలుక హెచ్చరించగలదు, ఏ వయస్సు దాకా ప్రమాదమో, ఎంత మోతాదులోనో ఎలుక చెప్పలేదు.

మామ కోపానికి ఇంకో కారణం ఉన్నది, అది తీసిపారేయదగినది కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో మూడు మండలాలలో 10 నుంచి 14 ఏళ్ళ వయస్సు గల సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా కాపాడే టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. కొన్ని మరణాల వార్తలతో గొడవ లేచి 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కాని తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు ఎన్నో చోట్ల హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేసినారని బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. నా అభిప్రాయంలో ఆ సంతకాలు టీకాకు చేసిన చెరుపు ఏ వదంతీ చేయలేదు.

తరువాత నిబంధనలు బిగిశాయి. 2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నియమాల ప్రకారం, పిల్లల వంటి నిస్సహాయులను సరికొత్త మందు పరీక్షలో చేర్చేటప్పుడు అనుమతి తీసుకునే తీరునంతా వీడియో తీయాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడేళ్ళు నిండిన పిల్లవానిని కూడా అడగాలి: పన్నెండేళ్ళ లోపు నోటిమాటగా, ఆపైన రాతపూర్వకంగా. ఇది విని మా అవ్వ, "ఏడేండ్ల పోరనికి ఏం తెలుస్తది?" అన్నది. సూది నొప్పి తెలుస్తుంది, ఇల్లు విడిచి ఎన్నాళ్ళుండాలో తెలుస్తుంది. అడగవలసిందే అని నేనంటాను. కాని వీడియో తీసినంత మాత్రాన అర్థమైనట్లు కాదు. 'ఈ మందు మీవానికి తగ్గించకపోవచ్చు, ముందు ముందు వచ్చే పిల్లలకు పనికి రావచ్చు' అన్న వాక్యాన్ని, బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న తల్లికి, ఆమె మాట్లాడే తెలుగులో, కళ్ళలోకి చూసి చెప్పగలగాలి. ఇంకొక చిక్కు, తాండూరు రైలెక్కి వారం వారం హైదరాబాదు పోవాలంటే కందికోతల వేళ చేను ఎవరు చూస్తారు? కూలి ఎవరిస్తారు? రానుపోను ఖర్చులు ముందే చేతిలో పెట్టని పరీక్షలో మాలాంటివాళ్ళ పిల్లలు చివరిదాకా నిలవరు. మధ్యలో మానేసినవారు ఎక్కువైతే ఫలితం లెక్కే తప్పుతుంది.

ఇక చివరగా, చేతులు కట్టుకోవలసి వస్తున్నదని మొదట చెప్పిన కంతి గురించి. మెదడు కాండంలో, ఊపిరినీ మింగడాన్నీ నడిపించే చోట, నరాల మధ్య నీటిలో సిరాలా పాకే గడ్డ, డి.ఐ.పి.జి. కోయడానికి వీలులేదు. చంద్రుని మీద మొదట కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ రెండేళ్ళ కూతురు 1962 జనవరిలో దీనితోనే చనిపోయింది. ఆ పాపకు ఇచ్చిన రేడియేషన్ చికిత్సే నేటికీ ప్రధాన చికిత్స. సగానికి పైగా పిల్లలు ఏడాది దాటరు. చనిపోయిన బిడ్డల కంతులను తల్లిదండ్రులు పరిశోధనకు దానం చేయడం వల్లనే ఈ జబ్బు గుట్టు కొంత తెలిసింది. అట్లా దొరికిన కణాలను 2011లో స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజే బృందం ప్రయోగశాలలో పెంచగలిగింది. డి.ఎన్.ఏ. చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రొటీనులో ఒకే ఒక్క అక్షరం మారడం వీటిలో అధికభాగానికి మూలమని 2012లో తేలింది. పెద్దల మెదడు కంతిలో ఆ మార్పు అరుదు. పెద్దలకు 2005 నుంచి మేలు చేస్తున్న టెమోజోలోమైడ్ ఈ పిల్లలకు ఎందుకు పనికిరాలేదో అప్పుడు కొంత అర్థమైంది.

ఆ అక్షరం మారిన కంతులకు ఒక మందు, నోటితో మింగే గుళిక, మెదడు గోడ దాటగలిగినది, డోర్డావిప్రోన్ పేరుతో 2025 ఆగస్టులో అమెరికాలో అనుమతి పొందింది. ఒక ఏడాది నిండిన పిల్లల నుంచి పెద్దల దాకా, వైద్యం తర్వాత కంతి మళ్ళీ పెరిగిన వారికి ఇవ్వవచ్చు. పత్రికలు పండుగ చేశాయి. లెక్క చూద్దాం: ఆధారంగా తీసుకున్నది 50 మంది రోగులను. అందులో కంతి చెప్పుకోదగినంత తగ్గినది నూటికి 22 మందికి. పోల్చి చూడడానికి మందు ఇవ్వని వర్గం లేదు. పైగా మెదడు కాండంలోని డి.ఐ.పి.జి. రోగులను ఆ లెక్కలో కలపలేదు. మా నాయన చూస్తే పడమటి చేను సంగతి ఎత్తేవాడేమో! కాని ఏ మందూ లేని చోట, చీటీ పరీక్ష ముగిసేదాకా ఆగమని చెప్పడానికి కూడా నోరు రాదు. అందుకని షరతు మీద ఇచ్చిన అనుమతి ఇది. కొత్తగా జబ్బు బయటపడి రేడియేషన్ పూర్తయిన రోగులను చీటీ పద్ధతిన విడగొట్టి, కొందరికి మందు, కొందరికి మందు లేని ఉత్తుత్తి గుళిక ఇచ్చి పోల్చే పెద్ద పరీక్ష జరుపుతున్నారు. ఎవరికి ఏది పడిందో పరీక్ష ముగిసేదాకా డాక్టరుకూ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. ప్రయోజనం రుజువు కాకపోతే ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకునే అధికారం అక్కడి ప్రభుత్వ సంస్థకు ఉన్నది.